ఏటిదారిలో ఒక్కరోజు లెక్క

1961 ఆగస్టులో నన్ను హిందూపురంలో కొత్తగా తెరిచిన రవాణా సర్వే యూనిట్‌లో సూపర్‌వైజరుగా వేశారు. మూడేళ్ళకు మంజూరైన తాత్కాలిక ఆఫీసు అది. నా ఉద్యోగమూ తాత్కాలికమే. పని బాగుందని పైవాళ్ళు రాస్తే కన్ఫర్మేషన్ వస్తుంది, అంటే ఉద్యోగం ఖాయమవుతుంది. రాయకపోతే యూనిట్‌తో పాటు నేనూ ఇంటికే. చింతపండు గోదాము మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టారు. ఏ ఫైలు తెరిచినా పులుపు వాసన వచ్చేది. ఇప్పటికీ ఇంట్లో చారు కాగుతుంటే నాకు ముందు గుర్తొచ్చేది ప్రభుత్వ కాగితాలే.

మా అధికారి రామనాథంగారు అసిస్టెంట్ ఇంజనీరు. అందరం ఏ.ఈ.గారు అనేవాళ్ళం. నా కింద ఇద్దరు ఎన్యూమరేటర్లు ఉండేవారు. దారి పక్కన కూర్చుని వచ్చే పోయే బండ్లను లెక్కపెట్టి ఫారంలో గీతలు పెట్టడం వాళ్ళ పని. ఒక జీపు ఉండేది గానీ, అది డ్రైవరు మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు.

మాకు అప్పజెప్పిన పనిలో రెండు భాగాలున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల దారుల మీద ఇప్పుడు ఏమేం నడుస్తున్నాయో లెక్కపెట్టడం మొదటిది. రాబోయే ఇరవై ఏళ్ళలో ఏమేం నడుస్తాయో అంచనా వెయ్యడం రెండోది. మొదటి భాగానికి ఫారాలున్నాయి, నిబంధనలున్నాయి. రెండో భాగానికి ఏ.ఈ.గారి ఊహ ఒక్కటే ఉంది. అది ఎంత వాడినా తరిగేది కాదు.

ఆయన విదేశీ ఇంజనీరింగ్ పత్రికలు తెప్పించుకుని చదివేవారు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురానికి స్తంభాల మీద ఒకే పట్టాతో నడిచే మోనోరైలును డ్రాయింగ్ షీటు మీద గీశారు. పెనుకొండ కోట మీదికి తాడు పట్టుకుని తొట్లు ఎక్కే రోప్‌వే గీశారు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది హోవర్‌క్రాఫ్ట్. దానికి చక్రాలుండవు. కిందికి గాలి కొట్టి, ఆ గాలిదిండు మీద తేలుతూ పోతుంది. నేల మీదా పోతుంది, నీటి మీదా పోతుంది. అప్పటికి కొద్దికాలం ముందే ఇంగ్లండులో దాన్ని నడిపి చూపించారు. ఏడాదిలో పది నెలలు ఇసుకగా, రెండు నెలలు నీళ్ళుగా ఉండే మా పెన్న కోసమే దాన్ని ఎవరో కనిపెట్టారని ఏ.ఈ.గారు మనస్ఫూర్తిగా నమ్మారు. నవ్వులాటకు చెప్పడం లేదు, నేను కూడా నమ్మాను. ధర్మవరంలో మీటరు గేజి రైలు ఎక్కి పెనుకొండ దాకా కూర్చున్నవాడికి ఎగిరే బండి మీద ఆశ పుట్టడం వింత కాదు.

ఈ రెండు భాగాల మధ్యలో ఒక ఊరి బతుకు ఇరుక్కుంది.

పెన్న మీద ఒక్క కాజ్‌వే కట్టడానికి ఆ ఏడు అవకాశం ఉంది. కాజ్‌వే అంటే వంతెన కాదు. ఏటి అడుగున రాయీ సిమెంటూ వేసి కట్టే తక్కువ ఎత్తు దారి. మామూలు నీళ్ళు కింద గొట్టాల గుండా పోతాయి. మోకాటి లోతు నీళ్ళు పైన పారుతున్నా బండి చక్రం ఇసుకలో దిగబడదు. రెండు ఏటిదార్లకు ఇది కావాలని అర్జీలు వచ్చాయి. ఒకటి పెనుకొండకు ఎదురుగా, ఏటికి అవతల ఉన్న ఏటిగడ్డపల్లి. రెండోది పైకి, హిందూపురం వైపున్న మరో రేవు. ఎక్కడ బండ్ల రాకపోకలు ఎక్కువో అక్కడ కట్టాలి. ఆ సంగతి చెప్పవలసింది మా యూనిట్.

లెక్కకు నిబంధన ఇలా ఉండేది. సంత రోజు వద్దు, పండగ రోజు వద్దు. మామూలు పనిదినం ఒకటి ఎంచుకుని, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా లెక్కపెట్టాలి. ఏ రోజన్నది సూపర్‌వైజరు ఖాయం చేస్తాడు. ఫారంలో ఎద్దుబండికి ఒక కాలమ్, టైరుబండికి ఒకటి, సైకిలుకు, మోటారుకు, కాలినడకకు ఒక్కొక్కటి. లెక్కలో ఎద్దుబండికి బరువెక్కువ, కాలినడకకు బరువు నామమాత్రం. సాయంత్రం వాటిని హెచ్చవేసి కూడితే ఆ దారి విలువ తేలుతుంది.

నేను ధర్మవరం నేతవాళ్ళ ఇంటివాణ్ణి. శనివారం సాయంత్రం ఇంటికి పోయి, సోమవారం తెల్లవారుజామున రైలెక్కేవాణ్ణి. హిందూపురం దాకా పోయి మళ్ళీ జీపులో వెనక్కు రావడం దండగని, సోమవారం పెనుకొండలోనే దిగి నేరుగా ఏటిగడ్డపల్లికి పోయేట్టు కార్యక్రమం వేసుకున్నాను. రెండో రేవుకు బుధవారం. కాగితం మీద ఇది చాలా చక్కగా కనిపించింది. ఏ.ఈ.గారు చూసి, ఆఫీసుకు ఒకరోజు భత్యం మిగిల్చారని మెచ్చుకున్నారు కూడా.

1962 ఫిబ్రవరిలో ఆ సోమవారం ఏటిదారి పక్కన కానుగచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాం. పెన్న ఎండిపోయి ఉంది. నడుమ ఒక్క మడుగులో మాత్రం నీళ్ళున్నాయి. పొద్దు గుంకేసరికి మూడంటే మూడు ఎద్దుబండ్లు దాటాయి. ఆ మూడూ హిందూపురం ఇటుకల వ్యాపారివి. మనుషులు మాత్రం తెగ నడిచారు. బెల్లం బుట్టలు, కట్టెమోపులు, గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని ఆడామగా ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ దాటారు. వాళ్ళందరినీ కాలినడక కాలమ్‌లో వేశాం.

ఆ మడుగులో రోజంతా ఎద్దులను కడుగుతూనే ఉన్నారు. ఒక జత వెళితే ఇంకో జత. పీచుతో ఒళ్ళు రుద్ది, కొమ్ములకు నూనె రాసి, గట్టు మీద నిలబెట్టేవారు. చూడముచ్చటగా ఉండింది. మా ఎన్యూమరేటరు ఒకడు చేతిలో పెన్సిలు ఆపి మరీ చూశాడు, పని చూడమని గదిమాను. మా ఫారంలో బండికి కాలమ్ ఉంది గానీ ఎద్దుకు లేదు.

అలా కడుగుతున్నవాళ్ళలో హనుమంతప్ప ఒకడు. నలభై ఏళ్ళ రైతు. తెల్లటి జత. కోడెదూడలప్పుడు కొని తనే సాకానని చెప్పాడు. మధ్యాహ్నం మాకు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చి, బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏటికి నీళ్ళొస్తే మూడు దినాలు మేము ఈడ్నే సార్. మా శెనక్కాయలూ ఈడ్నే. మండీ ఆడ, ఆసుపత్రి ఆడ, టేషను ఆడ. ఎట్లన్నా సేసి రాయండి," అన్నాడు.

నేను ఫారం చూపించి, ఇక్కడ ఉన్నదే రాస్తానని గొప్పగా చెప్పాను. అతను ఫారం వంక చూసి తలూపాడు. చదువు రాదతనికి.

సాయంత్రం లెక్క అయ్యాక రెండో భాగం పని మొదలుపెట్టాం. ఇది ఏ.ఈ.గారు సొంతంగా చేర్చిన ప్రశ్న. ఇరవై ఏళ్ళ తర్వాత మీ ఊరి నుంచి పెనుకొండకు ఎలాంటి వాహనంలో పోవాలనుకుంటారు? ఊళ్ళో పదిమందిని అడిగి రాసుకోవాలి. ఒకాయన తన చేను గట్టు దగ్గర ఆగే రైలు కావాలన్నాడు. బెల్లం బుట్ట దింపుకుంటున్న ఒకామె, నెత్తిన మొయ్యకుండా ఉండేది ఏదైనా సరేనంది. బస్సు కావాలన్నవాళ్ళే ఎక్కువమంది. ఊరి వడ్రంగి కాళప్పాచారిని చివర అడిగాను.

ఆయనకు అరవై దాటాయి. చుట్టుపక్కల పల్లెల్లో బండి చక్రమంటే ఆయన చేసిందే. చక్రానికి ఆకులు చెక్కుతున్నవాడు చేతిలో బాడిసె పక్కన పెట్టి, నేను హోవర్‌క్రాఫ్ట్ గురించి చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"చక్రమే లేదంటావా?" అన్నాడు.

లేదన్నాను.

"అది యాపొద్దుకొస్తాదో ఏమో గానీ, రబ్బరు టైర్లు వచ్చినాయి గదప్పా. చెక్క చక్రం నాతోనే సరి. నా పనికి ఏడ్సను. ఏది వచ్చినా ఒకటి మాత్రం రాసుకో. ఎగిరే బండయినా సరే, సోమారం నిలపాల. దానికీ అలుపుంటాది," అన్నాడు.

శివభక్తుడేమో, సోమవారం ఒక్కపొద్దు ఉంటాడేమో అనుకున్నాను. రిమార్కుల గడిలో "సోమవారం వాహనం నడపరాదని ఒకరి కోరిక" అని రాసి, ఫారం మడిచి సంచిలో పెట్టాను. ఆఫీసులో ఆ వాక్యం చదివి ఏ.ఈ.గారు నవ్వారు, నేనూ నవ్వాను. దాన్ని "ఇతరములు" కింద వేశాం.

బుధవారం రెండో రేవులో బండ్లు బాగానే వచ్చాయి. ఇక రిపోర్టులో ఏటిగడ్డపల్లి పేరా రాయవలసింది నేనే. "ఈ ఏటిదారిలో ఎద్దుబండి వాడకం దాదాపు అంతరించింది. ఉన్న కాస్త రాకపోకలూ కాలినడకవే. రాబోయే కాలంలో చక్రంతో పనిలేని వాహనాలు ఏటిని దాటగలవు గనక ఇక్కడ శాశ్వత కట్టడం అవసరం కనిపించదు." ఇంగ్లీషులో ఇంకా ధాటిగా ఉండేది. రాసినందుకు ఎంత మురిసిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఏ.ఈ.గారు ఆ పేరా పక్కన ఎర్ర పెన్సిలుతో "బాగుంది" అని రాశారు. జూన్‌లో రిపోర్టు పైకి పోయింది. కాజ్‌వే రెండో రేవుకు సిఫారసు అయింది. వానాకాలం గడిచాక టెండర్లు పిలుస్తారని కబురు వచ్చింది.

ఆ ఏడు అక్టోబరులో ఒక శుక్రవారం హనుమంతప్ప శెనక్కాయల మూటలు బండికెత్తుకుని ఏట్లో దిగాడు. ఊళ్ళో వాన లేదు. పైన ఎక్కడో పడింది. పిల్లకాలువంత నీళ్ళుంటే పోవచ్చులే అనుకున్నాడు. నడుమకు వచ్చేసరికి చక్రం ఇసుకలో దిగబడింది, అదే సమయానికి నీళ్ళు పెరిగాయి. మూటలు తోసేశాడు. కొడవలితో ఒక ఎద్దు మెడతాడు కోశాడు. అది ఒడ్డుకు పోలేదు, జత పక్కనే నిలబడిపోయింది. రెండోదాని తాడు కోసేలోపల బండి ఒరిగింది. ఇతన్ని నీళ్ళు కిందికి కొట్టుకుపోతే తుమ్మచెట్టు కొమ్మ దొరికింది. ఎద్దులు రెండూ పోయాయి.

సర్వే ప్రాంతంలో జరిగింది గనక ప్రమాదం మీద ఒక చిన్న నివేదిక పంపమని మాకు ఉత్తరం వచ్చింది. నేను పోయాను. హనుమంతప్ప ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఎద్దులను కట్టే గాటిపాట ఖాళీగా ఉంది. అరచేతులు రెండూ తాడు కోసుకుపోయి కట్లు కట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఎన్ని గంటలకు దిగావు, నీళ్ళు ఎంత లోతు, బరువెంత, ఇవన్నీ అడిగి రాసుకున్నాను. నన్ను ఒక్క మాట అనలేదు. కాజ్‌వే రాలేదేమని కూడా అడగలేదు. చివర తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు.

"శుక్రారం అయ్యింది సార్. సోమారం అయింటే ఇంటికాడ్నే ఉండేవి."

"సోమవారం ఏముంది?" అన్నాను.

"సోమారం బసవన్న దినం గదా. ఎద్దుల మీద కాడి మోపం. మీకు తెల్దా?" అని నా ముఖంలోకి చూశాడు. "ఈ పక్క పల్లెల్లో యాడా మోపరు సార్. కడిగి, మేపి, ఊరికే నిలబెడతాము. మీరు లెక్కకొచ్చిన పొద్దు కూడా సోమారమే గదా. నేను ఆ పొద్దు మడుగులో ఎద్దుల్ని కడగతాండా గదా."

నా దగ్గర డైరీ ఉంది. తీసి చూడనక్కర్లేదు, అయినా తీసి చూశాను. మడుగు గట్టు మీద జతలు జతలుగా నిలబడ్డ ఎద్దులు కళ్ళకు కట్టాయి. ఆ ఊళ్ళో బండ్లన్నీ ఆ రోజు నొగలు కిందికి దించి ఇళ్ళ ముందే ఉన్నాయి. వాటి మధ్య నుంచే నడిచిపోయి కాళప్పాచారిని ఎగిరే బండి గురించి అడిగాను. ఆయన చెప్పింది కూడా అదే. నేను రాసుకున్నాను, అర్థం చేసుకోలేదు.

పెనుకొండ స్టేషనుకు నడుచుకుంటూ వచ్చాను.

జరిగిన తప్పు మీద వెంటనే నోటు రాసి ఏ.ఈ.గారికి ఇవ్వాలి. టెండర్లు ఇంకా పిలవలేదు. రిపోర్టులో లోపం ఉందని ముందే తెలిస్తే వ్యవహారం ఆపి మళ్ళీ లెక్కపెట్టించే వీలుంది. ఇవన్నీ నాకు తెలుసు. నా కన్ఫర్మేషన్ కాగితాలు ఆ నెలలోనే పైకి పోతున్నాయన్నదీ తెలుసు. నోటు రాయలేదు. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అని పదకొండు రోజులు గడిపాను. కొన్నిసార్లు, ఒక్క రోజు లెక్క తప్పయితే మాత్రం ఫలితం మారుతుందా అని నాకు నేనే వాదించుకున్నాను. రెండో రేవు జనానికి కూడా ఏరు అడ్డమే కదా అని కూడా అనుకున్నాను. అది నిజమే. కానీ నేను దాన్ని అడ్డం పెట్టుకుంటున్నానని కూడా నాకు తెలుస్తూనే ఉంది.

ఆ మధ్యలో ఇంటికి పోయాను. అమావాస్య. మా వీధిలో అమావాస్యనాడు ఎవరూ మగ్గం గుంటలో దిగరు. ఎంత అర్జెంటు చీరైనా సరే, మగ్గం మీద గుడ్డ కప్పేస్తారు. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. నాయన అరుగు మీద కూర్చుని మగ్గం నాడెకు నూనె పెడుతూ, ఏదో మాటల మధ్యలో అన్నాడు.

"ఈ పొద్దు ఎవురన్నా కొత్తోడు వచ్చి మన వీది సూస్తే, ఈళ్ళకు నేతే రాదనుకుంటాడు."

ఆయనకు నా సంగతి ఏమీ తెలియదు. పుట్టినప్పటి నుంచి నెలకోరోజు ఆగే మగ్గం పక్కన పెరిగినవాణ్ణి. వారానికోరోజు ఆగే ఎద్దు ఉంటుందేమోనని అడగడం నాకు తోచలేదు. పల్లెవాళ్ళ ఆచారాలు తెలియని ఏ కోస్తావాడో ఈ పొరపాటు చేసి ఉంటే తిట్టిపోసేవాణ్ణి.

సోమవారం హిందూపురం చేరగానే నోటు రాశాను. రెండు పేజీలు. రోజు నేనే ఎంచానని, నా ప్రయాణ సౌకర్యం కోసం ఎంచానని, స్థానికులను అడగలేదని, తప్పు తెలిసి పదకొండు రోజులైందని రాశాను. ఆ చివరి వాక్యం కొట్టేద్దామని రెండుసార్లు పెన్ను ఎత్తాను, కొట్టెయ్యలేదు.

రామనాథంగారు నోటు చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మీరు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నారు. నన్ను తప్పుపడుతూ అన్నట్టు లేదు. ఆయనకు నిజంగానే ఆ సందేహం వచ్చింది. ఆయన మా ఆఫీసు కాపీ తెప్పించి, ఏటిగడ్డపల్లి పేరా మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టారు. తర్వాత హోవర్‌క్రాఫ్ట్ పేజీ తీసి చదివారు. దాన్నీ కొట్టేశారు. నా నోటు కింద, పర్యవేక్షణ అధికారిగా ఏ రోజు లెక్క జరిగిందో తానూ చూసుకోలేదని సొంత చేతితో రాసి సంతకం పెట్టి పైకి పంపారు. ఆయన మీద నాకు అంతకుముందు లేని గౌరవం ఆ రోజు కలిగింది.

మళ్ళీ లెక్క ఉత్తర్వు వచ్చింది. ఈసారి వరుసగా ఏడు రోజులు. మంగళవారం తెల్లవారేసరికే బండ్లు ఏట్లో దిగాయి. ఇసుక ఎక్కువైన చోట ఒకరి బండికి ఇంకొకరి ఎద్దులను అదనంగా కట్టి లాగుకుంటూ దాటారు. ఎన్యూమరేటర్లకు ఫారాలు చాలక నేను పెనుకొండకు మనిషిని పంపాల్సి వచ్చింది. సోమవారం మళ్ళీ ఎవరూ రాలేదు. వారం సరాసరి తీసినా ఏటిగడ్డపల్లి లెక్క రెండో రేవు కన్నా స్పష్టంగా ఎక్కువ వచ్చింది.

అయితే రెండో రేవు టెండరు నోటీసు నా నోటుకు నాలుగు రోజుల ముందే వెళ్ళిపోయింది. ప్రకటించిన పనిని ఆపడానికి వీల్లేదని, ఏటిగడ్డపల్లిని తర్వాతి ప్రణాళికలో పరిశీలిస్తామని జవాబు వచ్చింది. తెలిసిన రోజే రాసి ఉంటే నోటీసు ఆగేది. ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. తేదీలు నేనే పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నాకు కన్ఫర్మేషన్ నా తోటివాళ్ళకన్నా రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఏటిగడ్డపల్లి ఇంకో మూడు వానాకాలాలు ఆగింది. 1964లో యూనిట్ మూసేశారు. నన్ను ధర్మవరంలో వేరే ఆఫీసుకు వేశారు. అదే ఏడు కాళప్పాచారి పోయాడని పెనుకొండ సంతలో కలిసిన ఒకతను చెప్పాడు.

1966 వేసవిలో కాజ్‌వే పూర్తయింది. ప్రారంభోత్సవానికి నాకూ ఒక కార్డు వచ్చింది. అలంకరించిన ఎద్దుబండ్ల ఊరేగింపు ఉంటుందని అందులో అచ్చువేశారు. తేదీ చూసి క్యాలెండరు చూశాను. సోమవారం. అప్పటికప్పుడు కార్డు పంపిన ఆఫీసుకు ఉత్తరం రాశాను, ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరూ బండి కట్టరని, మంగళవారానికి మార్చమని. ముఖ్య అతిథిగారికి సోమవారమే వీలవుతుందని కార్డు ముక్క మీద జవాబు వచ్చింది. ఆ జవాబు చదివి కోపం తెచ్చుకునే అర్హత నాకు లేదు.

పోయాను. షామియానా వేశారు. రిబ్బను కట్టారు. మూడు జీపులు, ఒక కారు వచ్చాయి. ఊరంతా శుభ్రమైన బట్టలు కట్టుకుని ఏటి గట్టున నిలబడింది. ఒక్క బండి లేదు. ముఖ్య అతిథిగారు బండ్లేవని అడిగారు. రిబ్బను కత్తిరించాక జీపులు దాటిపోయాయి, దుమ్ము సద్దుమణిగింది, కాజ్‌వే మళ్ళీ ఖాళీగా కనిపించింది.

అప్పుడు గట్టు మీద నుంచి హనుమంతప్ప దిగాడు. నాలుగేళ్ళ తర్వాత చూశాను. జుట్టు నెరిసింది. కొత్త జత. కాడి లేదు, బండి లేదు. స్నానం చేయించి పసుపు పూసి, రెండు పగ్గాలూ ఒక చేత్తో పట్టుకుని ఏటి నడుమ దాకా మెల్లగా నడిపించుకొచ్చాడు. బండి మునిగిన చోటు అదేనని అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఎద్దులు కొత్త సిమెంటు మీద గిట్టలు పెట్టడానికి జంకుతుంటే మెడ నిమురుతూ ఆగాడు. నన్ను గుర్తుపట్టి ఆగాడేమో కూడా.

దగ్గరికి పోయి, "బండేది హనుమంతప్పా?" అన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియక అలా అడిగాను.

"రేపు కట్టుకొస్తా సార్. ఈ పొద్దు దారి సూపిస్తాండా, అంతే," అన్నాడు.

అతని వెనకే మిగతావాళ్ళు కూడా తమ జతలను తోలుకొచ్చారు. ఖాళీ మెడలతో ఎద్దులన్నీ అవతలి గట్టు దాకా పోయి తిరిగి వచ్చాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి కనిపించకుండా పక్కకు తిరిగాను.

నేను ఆ రోజు ధర్మవరం పోలేదు. పెనుకొండలో తెలిసినవాళ్ళింట్లో ఉండి, మంగళవారం ఉదయం ఆరు గంటలకు వచ్చి ఆ కానుగచెట్టు కింద కూర్చున్నాను. నన్ను ఎవరూ పంపలేదు. జేబులో ఉన్న కార్డు వెనక పెన్సిలుతో గీతలు పెట్టాను. హనుమంతప్ప మూడో బండిలో వచ్చి, చెయ్యెత్తి, ఆగకుండా దాటిపోయాడు. ఎనిమిదింటికల్లా ఇరవై ఏడు బండ్లు దాటాయి. అందులో సగానికి పైగా టైరుబండ్లు. మా రిపోర్టులో లేని మాట, రబ్బరు టైర్ల గురించి కాళప్పాచారి అన్నది ఒక్కటే నిజమైంది. మోనోరైలు ఇంతవరకూ రాలేదు, రోప్‌వే రాలేదు, గాలి మీద తేలే బండి పెన్నను ఎప్పుడూ చూడలేదు.

ఈ పనిలో తర్వాత ముప్పై ఏళ్ళు ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళకు రెండు సంగతులు చెప్పేవాణ్ణి. రాబోయే వాహనాల గురించి ఎంతైనా రాయండి, తప్పులేదు, కానీ లెక్క పెట్టే రోజును మాత్రం ఆ దారిన నడిచేవాళ్ళను అడిగి ఖాయం చెయ్యండి. లెక్క తప్పని తెలిస్తే ఆ రోజే నోటు రాయండి. పదకొండు రోజుల తర్వాత నేను రాసిన నోటులో ప్రతి అక్షరం నిజమే, అయినా ఆ ఊరు మూడు వానాకాలాలు ఏట్లోనే దిగింది.